నరాల మాత్రలు – ఆదాయ వ్యయములు

(షోలాపూరులో మన సంఘము జరిపిన ఉగాది సభలోని ప్రసంగ పాఠము)



ఇప్పుడే సిద్ధాంతిగారు పంచాంగ శ్రవణము గావించి, ఏ రాశివారికి ఆదాయమెంతయో, వ్యయమెంతయో వినిపించినారు. మేము చెప్పబోవునదియు ఒక విధమైన ఆదాయ వ్యయముల లెక్కయే. కాని ఇది రాశులకు సంబంధించినది కాదు. మన ఇండ్లలో అద్దము వెనుకను, పోపుల పెట్టెలోను దాచుకొను చిన్న మాత్రలకు సంబంధించినది. వానిని మనవారు నరాల మాత్రలందురు, నిద్రమాత్రలందురు, గాబరా మాత్రలందురు. ఒక్క పేరుతో పిలుచుచున్నాము గాని అవి ఒక్క జాతివి కావు. ఏది ఏ జాతిదో తెలియకపోవుట వలన మనవారిలో కొందరు చాల కష్టపడినారు. అందుచేతనే పండుగనాడు ఈ మాట ఎత్తుచున్నాము. పెద్దలు మన్నింపవలెను.

మేము వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, రైల్వే పార్సిలు ఆఫీసులో గుమాస్తా పని చేయుచున్నవారము. మరాఠీ, హిందీ కొంత మాటలాడగలము కనుక, కొన్ని ఏండ్లుగా మన పేటలోని పెద్దవారికిని, బీడీలు చుట్టు అమ్మలకును ఆసుపత్రిలో దుబాసీగా తోడుపోవుట మాకు అలవాటైనది. అక్కడ చూచినదియు, ఓపికతో చదివి తెలిసికొన్నదియు కలిపి చెప్పుచున్నాము. ఏ మందు వాడవలెనో చెప్పుట డాక్టరు పని. మనకిచ్చిన మందు ఎట్టిదో, ఎన్నాళ్ళు వాడవలెనో అడిగి తెలిసికొనుట మన పని. ఈ రెండవ పని గురించియే మా ప్రసంగము.

మొదట, ఈ గాబరా అనునది ఏమిటి? మాకు తెలిసిన రైలు భాషలో చెప్పుదుము. శీతకాలమున మంచు దట్టముగా కమ్మినప్పుడు డ్రైవరుకు సిగ్నలు కనబడదు. కనుక సిగ్నలుకు కొంత దూరములో పట్టాలమీద పటాకాలు అమర్చుదురు. ఇంజను చక్రము ఎక్కగానే అవి పేలి, ముందు సిగ్నలున్నది జాగ్రత్త అని హెచ్చరించును. మన దేహములోని భయమును అట్టిదే. పాము కనబడినప్పుడు గుండె వేగముగా కొట్టుకొనుట, చెమట పట్టుట, కాళ్ళు పరుగుకు సిద్ధమగుట మన మేలుకే. కాని మంచులేదు, సిగ్నలు లేదు, పట్టపగలు ప్రతి ఫర్లాంగుకు ఒక పటాకా పేలుచున్నదనుకొనుడు. బండి నడుచుట ఎట్లు? నెలల తరబడి దాదాపు ప్రతిదినము లోపల ఆదుర్దా తగ్గకపోవుట, నిద్ర పట్టకపోవుట, చిన్నమాటకు ఉలికిపడుట, హఠాత్తుగా ఊపిరాడనట్లై ప్రాణము పోవుచున్నదని తోచుట - ఇవి పిరికితనము కావు, దయ్యము కాదు. ఇది చికిత్స గల జబ్బు.

ఐతే గుండెదడ అంతయు గాబరా కాదు. థైరాయిడు గ్రంథి మితిమీరి పనిచేసినను, రక్తము తక్కువైనను గుండె దడదడలాడును. రోజుకు పది కప్పుల టీ త్రాగువారికిని అదే గతి. కావున ముందు డాక్టరు చేత దేహమును పరీక్ష చేయించుకొనవలెను. ఆ తరువాతనే మాత్రల మాట.

ఇప్పుడు మొదటి జాతి. వీనిని త్వరగా పనిచేయు మందులందము. వీని చరిత్ర వినదగినది. 1903లో జర్మనీలో వెరొనాల్ అను నిద్రమందు వచ్చినది. బార్బిట్యురేటు అను ఆ జాతి మందులలో నిద్రపుచ్చు మోతాదుకును, ప్రాణము తీయు మోతాదుకును ఎడము చాల తక్కువ. అర్ధశతాబ్దము ప్రజలు వానితోనే గడిపినారు. 1955లో అమెరికాలో మిల్‌టౌన్ అను మాత్ర వచ్చినది. దానిని కనుగొన్న ఫ్రాంక్ బెర్గర్ చెక్ దేశమున పుట్టినవాడు. నిద్రపుచ్చకుండనే మనసును శాంతింపజేయునని ఆ మాత్రకు విపరీతమైన గిరాకీ ఏర్పడినది.

అదే కాలమున న్యూజెర్సీలోని రోష్ కంపెనీ ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కొన్ని పదార్థములు తయారుచేసి, పనికిరావని ప్రక్కన పెట్టినాడు. 1957లో బల్లలు శుభ్రము చేయుచుండగా, పరీక్షకు పంపకుండ మిగిలిపోయిన ఒక సీసా కంటబడినది. ఎందుకైనను మంచిదని పంపినారు. అదియే 1960లో లిబ్రియం అను పేరుతో బజారుకు వచ్చినది. 1963లో దాని తమ్ముడు వేలియం, అనగా డయజెపామ్, వచ్చినది. మన దేశములో కాంపోజ్ అను పేరుతో ప్రతి ఇంటికి తెలిసినది ఈ డయజెపామే. ఆఫీసులలో పాత దస్త్రములు దులుపుచు విసుగుకొను మావంటి గుమాస్తాలకు ఆ సీసా కథ కొంత ఉత్సాహము కలిగించును.

ఈ జాతిలో లోరజెపామ్, క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ మొదలైనవి తరువాత చేరినవి. వీని ఆదాయము గొప్పది. మన మెదడులో గాబా అను పదార్థము బ్రేకు వలె పనిచేయుచుండును. ఈ మందులు ఆ బ్రేకు పట్టును గట్టిచేయును. మాత్ర వేసికొన్న గంటలోపుననే చాలమందికి దడ తగ్గును, నిద్ర పట్టును. మూర్ఛ వచ్చి ఆగనివారికి, మద్యము మానినప్పుడు వణకువారికి వీనిని డాక్టర్లు ఇచ్చుచున్నారు. అట్టి వేళ ఇవి ప్రాణదాతలు.

వ్యయము మాట వినుడు. దినదినము బ్రేకు పైనుండి వేయుచుండిన, మెదడు తన బ్రేకును తాను సడలించుకొనును. కొన్ని వారములలోనే పాత మోతాదు చాలదనిపించును. హఠాత్తుగా మాత్ర మానిన, బ్రేకు లేని బండి వలె దేహము పరుగెత్తును. నిద్ర అసలే రాదు, చేతులు వణకును, మొదటికంటె ఎక్కువ భయము కలుగును, కొందరికి మూర్ఛలు వచ్చును. ఈ సంగతి ఆలస్యముగా తెలిసినది కాదు. లిబ్రియం వచ్చిన మరుసటి సంవత్సరము, 1961లోనే, అమెరికాలో లియో హాలిస్టర్ అను వైద్యుడు, పెద్ద మోతాదులో నెలల తరబడి పుచ్చుకొన్న రోగులకు దానిని ఒక్కసారిగా ఆపిన ఏమగునో చూచి ప్రకటించినాడు. అయినను లోకము చెవిని పెట్టలేదు. ఇంగ్లండులో న్యూకాసిల్ నగరమున హెదర్ ఆష్టన్ అను వైద్యురాలు 1982 మొదలు 1994 వరకు, ఈ మాత్రలు మానలేకపోయిన వారికొరకే ఒక క్లినిక్ నడిపినది. కొద్దికొద్దిగా, వారముల మీద, నెలల మీద తగ్గించుటయే మార్గమని ఆమె చూపినది. 1988లో బ్రిటనులోని మందుల భద్రతా సంఘమువారు ఈ జాతి మందులను రెండు మొదలు నాలుగు వారములకు మించి వాడరాదని డాక్టర్లకు సలహా ఇచ్చినారు. 2020లో అమెరికా ప్రభుత్వమువారు వీని సమాచార పత్రములలో అలవాటు గూర్చియు, మానునప్పటి అపాయము గూర్చియు గట్టి హెచ్చరిక ముద్రింపవలెనని ఉత్తరువు చేసినారు.

ఇది దూరదేశపు ముచ్చట అనుకొనవద్దు. మన పేటలోనే జరిగినది చెప్పుదుము. పేరు అనవసరము. భర్త పోయి, కుమారుడు నడుపు మగ్గములు ఆగిపోయి, నిద్రలేక బాధపడుచున్న ఒక అమ్మకు డాక్టరుగారు పదిహేను దినములకు ఆల్ప్రజోలామ్ వ్రాసి ఇచ్చి, మరాఠీలో "పరత్ యా" అన్నారట. అనగా మరల రండు అని. ఆమె చెవికి అది "పరత్ ఘ్యా" అని వినబడినది. అనగా మరల తీసికొనుడు అని. ఒక్క అక్షరము తేడా. ఆ చీటీని ప్లాస్టిక్ సంచిలో భద్రపరచి, ఖాళీ అయిన రేకు చూపి, ఆమె ఆరు సంవత్సరములు ఆ మాత్ర కొన్నది. ఒకటి రెండైనది. డాక్టరు ముఖము తిరిగి చూడలేదు.

ఆరవ ఏట కరీంనగరు వైపు స్వగ్రామమునకు అన్న కూతురి పెండ్లికి పోయినది. మాత్రలు అయిపోయినవి. పెండ్లి సందడిలో ఎవరికి చెప్పుకొనును? మూడవనాటికి చేతులు వణకసాగినవి. కన్ను మూతపడలేదు, మాట తడబడినది. గాలి సోకినదని తాయెత్తు కట్టినారు. ఐదవనాడు మూర్ఛ వచ్చినది. అప్పుడు పట్నము ఆసుపత్రికి తీసికొనిపోగా, అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఈమె ఏ మాత్ర వాడుచుండెను? ఎప్పుడు మానినది?" ఐదు దినములలో ఎవరికిని తోచని ప్రశ్న అది. మందు మరల మొదలుపెట్టి, మెల్లమెల్లగా ఎనిమిది నెలలలో తగ్గించి మాన్పించినారు. ఇప్పుడు ఆమె మాత్ర లేకయే నిద్రపోవుచున్నది.

ఆ ప్రాంతముల నుండి వచ్చిన పెద్దలకు ఈ వణుకు కొత్తది కాదు. తెలంగాణములో కొందరు కల్లులో డయజెపామ్, ఆల్ప్రజోలామ్ పొడి కలిపి అమ్ముట చాలకాలముగా ఉన్నదే. 2015లో ప్రభుత్వము కల్తీకల్లుపై గట్టి చర్య తీసికొనగా, నిజామాబాదు, మహబూబునగరు మొదలైన జిల్లాలలో అనేకులు వణుకుతో, మూర్ఛలతో, పిచ్చిమాటలతో ఆసుపత్రులలో చేరినారు. జనము కల్లు దొరకక పిచ్చెత్తినదనుకొన్నారు. కల్లు కాదు, అందులోని మాత్ర హఠాత్తుగా ఆగుటయే అందుకు ముఖ్యకారణము. తెలియక త్రాగినవానికిని, చీటీమీద కొన్నవానికిని మెదడు ఒక్క తీరుననే లెక్క చెప్పును.

రెండవ జాతి నిదానముగా పనిచేయు మందులు. 1987లో అమెరికాలో మనోవ్యాకులత కొరకు ఫ్లూయోక్సెటీన్ అను మందునకు అనుమతి లభించినది. తరువాత సెర్ట్రలీన్, ఎస్సిటాలోప్రామ్ మొదలైనవి వచ్చినవి. నెలల తరబడి విడువని ఆదుర్దాకు, హఠాత్తుగా వచ్చు ప్రాణభయమునకు డాక్టర్లు సాధారణముగా ముందు వ్రాయునవి ఇవియే. వీని తీరు వేరు. మొదటి వారము పది దినములు వికారము, తలనొప్పి, ఒక్కొక్కప్పుడు గాబరా కొంచెము ఎక్కువగుట కూడ కలదు. గుణము రెండు మొదలు ఆరు వారములకు గాని కనబడదు. విత్తిన మర్నాడే మొలక కొరకు మన్ను త్రవ్వి చూచువాని వలె, మనవారు పదవనాడే "ఇది పనిచేయలేదు" అని పారవేయుదురు. పొరుగింటివారి గంటలో పనిచేయు మాత్ర అడిగి తెచ్చుకొందురు. మంచి దారిని విడిచి అలవాటు దారిని పట్టుట ఇక్కడనే జరుగుచున్నది.

ఈ మందులకు మోతాదు పెంచవలెనను ఆరాటము కలుగదు. ఐనను వీనిని కూడ ఒక్కసారిగా మానరాదు. మానిన తల తిరుగుట, చిరాకు, నిద్రచెడుట కలుగవచ్చును. గుణము కనబడిన తరువాత కూడ ఆరు నెలలో, సంవత్సరమో కొనసాగించి, డాక్టరు చెప్పిన రీతిగా తగ్గించవలెను. ఇరువదియైదు సంవత్సరములలోపు వారికి మొదలుపెట్టినప్పుడు తొలి వారములలో ఇంటివారు కనిపెట్టి ఉండవలెను. కొందరికి చావు తలపులు ఎక్కువగునట్లు కనుగొన్నారు. అట్టి మాట నోట వచ్చిన, అదే దినము డాక్టరుకు తెలుపవలెను.

పేరు చదువుటలో ఒక జాగ్రత్త. డయజెపామ్, క్లోనజెపామ్ అని "పామ్" తోను, ఆల్ప్రజోలామ్ అని "లామ్" తోను ముగియునవి సాధారణముగా మొదటి జాతివి. ఎస్సిటాలోప్రామ్ అని "ప్రామ్" తో ముగియునది రెండవ జాతిది. పార్సిలు మీద ఊరి పేరులో ఒక్క అక్షరము మారిన సరుకు ఎక్కడికి పోవునో మాకు దినమును అనుభవమే. ఒక్కొక్కప్పుడు రెండు జాతులును ఒకే మాత్రలో కలిసి యుండును. కనుక రేకు మీది అక్షరములన్నియు చదివించుకొనవలెను.

ఇంకొకటి కలదు, ప్రొప్రనొలాల్. దీనిని కనుగొన్న బృందమునకు నాయకుడైన జేమ్స్ బ్లాక్ 1988లో నోబెల్ బహుమానము పొందినాడు. గుండె మందుగా పుట్టిన ఇది దడను, వణుకును తగ్గించును గాని మనసులోని దిగులును తీయదు. ఉబ్బసము కలవారు దీనిని వేసికొనరాదు.

వయసు మీరినవారు మొదటి జాతి మాత్ర వేసికొని రాత్రివేళ లేచిన, తూలిపడి తుంటి ఎముక విరుగు ప్రమాదమున్నది. సారాయితో కలిసిన ఇవి ఊపిరినే మందగింపజేయును. మగ్గము దగ్గర, బండి స్టీరింగు దగ్గర కూర్చుండువారు తమ పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పవలెను. గర్భిణులును, పాలిచ్చు తల్లులును అడుగక ఏ మాత్రయు వేసికొనరాదు, వాడుచున్నది అడుగక మానరాదు. ఒకరి మాత్ర ఒకరికి ఇచ్చుట అసలే తగదు. చక్కెర, కాఫీపొడి బదులిచ్చుకొందుము గదా అని మాత్ర కూడ బదులిచ్చుకొనుట స్నేహము కాదు.

చట్టము కూడ మనకు అండగా ఉన్నది. 2014 మార్చి మొదటి తేదీ నుండి అమలులోనున్న హెచ్-1 పట్టిక ప్రకారము, డయజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటివి అమ్మిన షాపువారు రోగి పేరు, డాక్టరు పేరు, మందు, పరిమాణము వేరు పుస్తకములో వ్రాసి మూడేండ్లు భద్రపరచవలెను. చీటీ అడిగిన షాపువానిపై కోపపడవద్దు. అడుగనివానిని చూచియే జాగ్రత్తపడవలెను.

మందు ఒక్కటే వైద్యము కాదు. భయమును మెల్లమెల్లగా ఎదుర్కొనుట, తప్పుడు తలపును పట్టి పరీక్షించుట నేర్పు మాటల వైద్యము కలదు. ఆదుర్దా జబ్బులకు అదియు మందుతో సమానముగా పనిచేయునని వైద్యులు ఒప్పుకొన్నారు. కాని మాటల వైద్యమునకు మాట కావలెను గదా! ఇక్కడనే మనవంటి వలస కుటుంబముల చిక్కు. "బెంగ" అను మాటకు సరితూగు మరాఠీ మాట మాకు నేటికిని దొరకలేదు. "గుండె జారిపోయినట్లున్నది" అను దానిని పదేండ్ల మనుమడు "గుండెనొప్పి" అని చెప్పును. డాక్టరు గుండె పరీక్ష వ్రాయును. కోడలి ఎదుట అత్త, కొడుకు ఎదుట తల్లి చెప్పుకొనలేనివియు ఉండును. చిన్నపిల్లలను దుబాసీలుగా పంపుట మంచిది కాదు.

మార్గములు లేకపోలేదు. తెలుగువారు ఎక్కువగానున్న బళ్ళారి జిల్లాలోనే 1980ల మధ్యలో బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు, పల్లెటూరి ఆరోగ్య కేంద్రములోని మామూలు డాక్టరు కూడ తగిన శిక్షణతో మానసిక జబ్బులకు వైద్యము చేయగలడని చూపినారు. ఆ నమూనా పైననే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో మొదలైనది. ఇప్పుడు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ విభాగమును అడుగవచ్చును. 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను ఫోను సహాయము ప్రారంభించినది. నంబరు 14416. రాత్రింబవళ్ళు పనిచేయును, రుసుము లేదు, తెలుగు కోరుకొనవచ్చును. ఈ నంబరును క్యాలెండరు మీద పాలలెక్క ప్రక్కన వ్రాసికొనుడు.

తుదకు మా మనవి. మన సంఘ భవనములో ప్రతి ఆదివారము ఉదయము ఇద్దరు చదువుకొన్నవారు కూర్చుండవలెను. ఎవరైనను తమ మందుల చీటీ తెచ్చిన, నాలుగు సంగతులు తెలుగులో వ్రాసి ఇవ్వవలెను: మందు పేరు, ఎప్పుడు ఎంత, ఎన్నాళ్ళ వరకు, మరల డాక్టరును చూడవలసిన తేదీ. సలహా చెప్పరాదు, వ్రాసి మాత్రము ఇవ్వవలెను. చీటీలో "ఎన్నాళ్ళ వరకు" లేనియెడల, తోడుగా పోయి డాక్టరును అడిగి రావలెను. స్త్రీలకు స్త్రీలే తోడుపోవుట మేలు. కాలేజీ చదువుచున్న మన ఆడపిల్లలు పూనుకొనిన ఇది కష్టమైన పని కాదు. ఆదివారముల పట్టికలో మా పేరు మొదట వ్రాసికొనవలసినదిగా కార్యదర్శిగారిని కోరుచున్నాము.

ఏండ్ల తరబడి నరాల మాత్ర వేసికొనుచున్నవారు ఈ సభలోనే ఉండవచ్చును. వారికి ప్రత్యేకముగా ఒక మాట. ఈ ప్రసంగము విని భయపడి ఈ రాత్రి మాత్ర మానవద్దు. ఎప్పటివలెనే వేసికొనుడు. ఈ వారములో రేకు, పాత చీటీ తీసికొని డాక్టరు దగ్గరకు పోవుదము. సిగ్గుపడవలసినదేమియు లేదు. మీరు అడిగినది నిద్ర. నేరము కాదు.

అందరికిని నూతన సంవత్సర శుభాకాంక్షలు. సెలవు.